విత్తనం సంచీకి కట్టిన చీటీ

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

ట్రాఫిక్ చలానా చూసుకొమ్మంటూ నాన్న ఫోనుకు వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ ఫోనులో ఆప్‌ను ఎక్కించే ఫైలు వస్తే, దాన్ని నొక్కబోయిన తనను అమ్మ ఎందుకు కేకలేసిందని, ఎక్కడినుంచి తెచ్చుకున్నా ఆప్ ఆపే కదా అని చిన్ని రాసింది. విత్తనం ఎక్కడ కొన్నా విత్తనమే కదా అని మా ఊళ్లో ఎవరూ అనరమ్మా.

నా చిన్నతనంలో తొలకరి ముందు మా నాన్న విత్తనాల కొట్టుకు వెళ్తే నేను వెంటపడేవాడిని. ఆయన ధరకంటే ముందు సంచీకి కుట్టిన చీటీ చూసేవారు. ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ, దాన్ని పండించడానికి వాడే ఫౌండేషను విత్తనానికి తెల్ల చీటీ ఉంటాయి. కుట్టు తెగి ఉంటే సంచీ ముట్టుకునేవారు కారు. పంట ఇంటికి వచ్చేదాకా ఆ చీటీ, రసీదు దూలంలో దోపి ఉండేవి, ఎలుకలు కొట్టకపోతే.

ఆండ్రాయిడ్ ఆప్‌కూ అలాంటి కుట్టు ఉంది. తయారుచేసినవారు దానికి డిజిటల్ సంతకం పెడతారు. తర్వాత వచ్చే అప్‌డేట్‌కు అదే సంతకం లేకపోతే ఫోను దాన్ని పాత ఆప్ మీద ఎక్కనివ్వదు. అయితే దొంగ కూడా తన సంతకం తాను పెట్టుకోగలడు కాబట్టి, సంచీ ఏ కొట్టులోది అన్నది కూడా చూడాలి. 2008లో ఆండ్రాయిడ్ మార్కెట్‌గా మొదలై 2012లో పేరు మార్చుకున్న ప్లే స్టోర్ అలాంటి కొట్టు. తెలుగులోనూ వెతుక్కోగలిగే ఇండస్ ఆప్‌స్టోర్ 2024లో వచ్చింది. పెద్ద కొట్టులోనూ నకిలీ సంచీ దూరుతుంది. పైగా వెతికినప్పుడు అన్నిటికంటే పైన కనబడేది ఒక్కోసారి డబ్బిచ్చి పెట్టించుకున్న ప్రకటన. అందుకే ప్రభుత్వ పత్రాలు దాచుకునే డిజిలాకర్ ఆప్ కావాలంటే బొమ్మ చూసి మురిసిపోక, పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న తయారీదారు ప్రభుత్వ సంస్థేనా అని చదవాలి.

నాటిన తర్వాత విత్తనం నీళ్లు అడుగుతుంది, ఎరువు అడుగుతుంది. టార్చిలైటు ఆప్ మన ఎస్ఎంఎస్‌లు చదువుతానంటే మాత్రం అది మొలకెత్తడానికి అడుగుతున్నది కాదు. బ్యాంకు ఓటీపీలు వచ్చేది అక్కడికే. ఆ చలానా ఫైళ్ల కన్ను కూడా వాటిమీదే. పొరపాటున ఎవరైనా నొక్కి డబ్బు పోతే, ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయమని చెప్పండి.

మిగతాది నేను చెప్పడంకంటే మీరు చూడటం మేలు. ఆదివారం అమ్మను అడిగి ఆమె ఫోను తీసుకుని, సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద ఉండే పర్మిషన్ మేనేజర్ తెరవండి. మైక్రోఫోను వాడుకునే అనుమతి ఏయే ఆప్‌లకు ఉందో కాగితంమీద రాసి, ఒక్కొక్కటీ ఎందుకు పెట్టుకుందో అమ్మనే అడగండి. ఆమె జవాబు చెప్పలేనివాటి పేర్లు నాకు రాసి పంపండి.

మీ తాతయ్య