ఏటికొప్పాక లక్కబొమ్మలు: అపోహలు – వాస్తవాలు

వరాహ నది ఒడ్డున, అనకాపల్లి జిల్లాలో మా ఊరు ఏటికొప్పాక. కర్రను తిప్పుతూ ఉలితో బొమ్మ తీసే లేత్ ముందు నేను కూర్చోబట్టి ఇరవై రెండేళ్లయింది. బొమ్మలు కొనడానికి వచ్చేవాళ్లు అడిగే మాటలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ అవే. తీరిగ్గా జవాబు చెబుదామని రాస్తున్నాను.

అపోహ: మోటారు వచ్చాక పనంతా మిషనే చేస్తోంది.

మోటారు కర్రను తిప్పుతుంది, అంతే. పూర్వం ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. ఆ తాడు లాగే మనిషి పని మోటారు తీసుకుంది. ఉలి ఇప్పటికీ మా చేతిలోనే ఉంది. కుంకుమ భరిణనే చూడండి. మూత లోపలి అంచు వెంట్రుకవాసి ఎక్కువ తీశామా, వదులైపోతుంది. తక్కువైతే బిగుసుకుంటుంది. అందుకే లేత్ ఆపి, మూత పెట్టి చూసి, మళ్లీ ఉలి ఆనిస్తాం. కుదిరిన మూత తీస్తే ‘టప్’మని చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినబడేదాకా ఆ భరిణ నా చెయ్యి దాటదు.

అపోహ: కర్ర ఏదైనా ఒకటే.

మేం వాడేది అంకుడు కర్ర. మెత్తన, నార సన్నం, ఉలికి బాగా లొంగుతుంది. అయితే బాగా ఆరాలి. ఆరేటప్పుడు కర్ర అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు. పచ్చిమీద గుండ్రంగా తీసింది ఆరాక కోలగా అవుతుంది. కొత్తలో ఒక పెళ్లి ఆర్డరు కోసం తొందరపడి సగం ఆరిన కర్రతో భరిణలు చేసిచ్చాను. పెళ్లినాటికి చాలా మూతలు పట్టలేదు. అన్నీ వెనక్కి తెచ్చుకుని, ఎండిన కర్రతో మళ్లీ చేసిచ్చాను. ఆ ఇంటి పెద్దావిడ ముఖం ఇంకా గుర్తుంది.

అపోహ: రంగు కుంచెతో వేస్తారు.

లక్కను వేడిచేసి, రంగు కలిపి, సాగదీసి కడ్డీలు చేస్తాం. తిరుగుతున్న బొమ్మకు కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపు. పసుపు కొమ్ముల నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం వస్తాయి. రసాయన రంగుల నుంచి ఊరిని మళ్లీ వీటివైపు తిప్పడంలో బొమ్మల కళాకారుడు సి.వి. రాజు గారి కృషి చాలా ఉంది. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మాకే వచ్చినంత సంతోషపడ్డాం.

లక్క వేడికి మెత్తబడుతుంది. బొమ్మల్ని వేడినీళ్లలో కడగకండి, ఎండలో పెట్టకండి. పొడిబట్టతో తుడిస్తే చాలు.

అపోహ: కొండపల్లి బొమ్మలూ ఇవీ ఒకటే.

కాదు. అవి తెల్లపొణికి కర్రను చెక్కి, ముక్కలు అతికి, రంగులు వేసే బొమ్మలు. మావి లేత్ మీద తిప్పి తీసేవి. 2017లో మా బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది.

అపోహ: చేతులకు గ్లౌజులు వేసుకుంటే ప్రమాదం ఉండదు.

నేర్చుకోవాలని వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే: లేత్ దగ్గర గ్లౌజులు వద్దు. తిరిగే కర్ర గ్లౌజును పట్టిందంటే చేతినీ లాక్కుంటుంది. వదులు చొక్కా చేతులూ, చున్నీలూ అంతే. కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

అపోహ: చిన్న బొమ్మ కాబట్టి పని తక్కువ.

బొంగరం చూడ్డానికి బొటనవేలంత ఉంటుంది. మొన నడిమధ్యకు రాకపోతే అది నిలబడి తిరగదు, ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఈసారి కొన్నప్పుడు కొట్టులోనే ఒకసారి తిప్పి చూసి తీసుకోండి. చేసినవాళ్లం ఏమీ అనుకోం.