ఉసిళ్లు, పుట్టలు, మన ఇంటి చెదలు

బిడ్డలారా,

మొన్న వాన పడ్డ రాత్రి లైటు చుట్టూ మూగిన ఉసిళ్లు ఏం పురుగులని అడిగారు కదా. అవి చెదలే. పుట్టలో రెక్కలు వచ్చినవి తొలకరికి బయటికి వస్తాయి. కాసేపు ఎగిరి, రెక్కలు రాల్చుకుని, జంటలుగా మట్టిలో దూరి కొత్త కాపురం పెడతాయి. చాలావరకు ఆ రాత్రే బల్లులకు, కప్పలకు దొరికిపోతాయి. మన పల్లెల్లో వాటిని వేయించుకుని తినేవాళ్లూ ఉన్నారు.

చెదలను తెల్లచీమలని అంటారు గానీ అవి బొద్దింకల చుట్టాలు. చీమకు నడుము సన్నగా ఉంటుంది, ఉసిలికి ఆ నడుమే ఉండదు. పైగా దాని నాలుగు రెక్కలూ ఒకే పొడవు.

దేవరకొండ చుట్టూ చెలకల్లో కనిపించే పుట్టలు కట్టేది ఇవే. నాగుల పంచమికి మనం పాలు పోసే పుట్టను పాము కట్టదు, చెదలు వదిలేసిన చోట దూరుతుంది, అంతే. ఈ పుట్ట చెదలు లోపల సేద్యం కూడా చేస్తాయి! తిన్న ఆకు, కట్టె పొడిని గూడుగా పేర్చి దాని మీద బూజు పెంచుకుని తింటాయి. వానలకు పుట్ట మీద లేచే పుట్టగొడుగులు ఆ బూజువే.

ఇంట్లో దూలాలు, దర్వాజలు, పుస్తకాలు తినేవీ ఎక్కువగా మట్టిలో బతికేవే. వాటి ఒళ్లు మెత్తన, ఎండ తగిలితే ఎండిపోతాయి. అందుకే గోడ మీద మట్టితో సన్నటి గొట్టం కట్టుకుని దాని లోపల నడుస్తాయి. ఆ గొట్టాన్ని తుడిచేస్తే పని అయిపోయిందనుకోకండి. అది దారి మాత్రమే, గూడు నేలలో ఉంది, మళ్లీ కట్టేస్తాయి. ముందు తడి ఎక్కడుందో వెతకాలి: కారే పైపు, గోడకు ఆనించిన కట్టెలు, బాత్రూం వెనక నిలిచే నీళ్లు. మందు కొట్టే పని మాత్రం పెద్దవాళ్లదే, మీరు దగ్గరికి పోవద్దు.

మట్టితో పనిలేకుండా కర్రలోనే కాపురం ఉండేవి ఇంకో రకం. సముద్రం పక్క ఊళ్లలో ఎక్కువ. పాత కుర్చీ కింద గసగసాల్లాంటి గింజలు రాలితే వాటి పనే. పిండిలా రాలితే అది చెద కాదు, కర్ర తొలిచే వేరే పురుగు.

మన పాత ఇంటి టేకు దూలం నిలిచింది, మామిడి చెక్క అలమారా పోయింది. టేకు చేవను చెద అంత తొందరగా ముట్టదు. పొలం కాగితాలున్న ట్రంకు పెట్టెను గోడకు జానెడు దూరం జరిపాను. దసరాకు వచ్చినప్పుడు వెనక అర్రలోని కట్టెలు కూడా అందరం కలిసి జరుపుదాం.

మీ తాత