కౌమార ఆరోగ్య పరిశోధన: పేపర్ల లెక్క వెనుక ఉన్న అపోహలు, వాస్తవాలు

తిరుపతి చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో చదివే పిల్లలకు సర్వే వాళ్లు రావడం వింతేమీ కాదు. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1960 నాటి ఎస్వీ వైద్య కళాశాల, 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1993లో మొదలైన స్విమ్స్ వైద్య సంస్థ, ఇవన్నీ ఒకే ఊళ్లో ఉన్నందువల్ల ఎండీ విద్యార్థులు, పీహెచ్‌డీ స్కాలర్లు, నర్సింగ్, గృహవిజ్ఞాన, సోషల్ వర్క్ విద్యార్థులు చంద్రగిరి, రేణిగుంట, ఏర్పేడు, పాకాల మండలాల బడులకు ప్రశ్నావళులు పట్టుకుని వెళ్తూనే ఉంటారు. సామాజిక ఆరోగ్య రంగంలో పనిచేస్తూ, థీసిస్‌లు దిద్దుతూ, బయోడేటాలు చూస్తూ ఉండే వ్యక్తిగా నాకు తరచూ ఎదురయ్యే కొన్ని అపోహలను, వాటి వెనుక ఉన్న వాస్తవాలను ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: పేపర్లు ఎక్కువగా ఉన్నవారే ఎక్కువ పరిశోధన చేసినవారు.

వాస్తవం: ఒకే సర్వేలో బాలికల హిమోగ్లోబిన్ కొలిచి, ఎత్తు, బరువు చూసి, నెలసరి శుభ్రత గురించి అడిగి, చిరుతిళ్ల అలవాట్లు రాసుకుని, ఆ నాలుగింటినీ నాలుగు పేపర్లుగా వేయవచ్చు. ఇవన్నీ ఒకే పిల్లల నుంచి సేకరించిన సమాచారమని ప్రతి పేపర్లోనూ చెప్పినంతవరకు అందులో తప్పు లేదు. చెప్పకపోతే, తరువాతి కాలంలో అధ్యయనాలన్నిటినీ క్రోడీకరించేవారు అదే పిల్లలను నాలుగు సార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉంది. ఒక పరిశోధకుడి పేపర్లను ఇతరులు ఎంతగా ప్రస్తావించారో చూపే హెచ్-ఇండెక్స్ అనే కొలత 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించినది. కనీసం పదేసి సైటేషన్లు (ఇతర పేపర్లలో ప్రస్తావనలు) ఉన్న పేపర్లు పది ఉంటే ఆ అంకె పది అవుతుంది. ఒక రంగంలోని అంకెను మరో రంగంతో పోల్చడానికి అది పనికిరాదు. పలమనేరు సంక్షేమ హాస్టళ్ల మీద జాగ్రత్తగా చేసిన అధ్యయనానికి, గుండెపోటు మందు మీద జరిగిన బహుళదేశ ట్రయల్‌కు సైటేషన్లు ఒకే వేగంతో రావు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా జర్నల్‌లోని పేపర్లకు వచ్చే సైటేషన్ల సగటే తప్ప మన పేపరు విలువ కాదు. ఆ సగటుతో వ్యక్తులను తూచవద్దని పరిశోధన మదింపుపై 2012 నాటి శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన స్పష్టంగా చెప్పింది. థీసిస్ సమర్పించే ముందు జర్నల్ ప్రచురణ తప్పనిసరి అన్న నిబంధనను విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో ఎత్తివేసింది, తాను ఆమోదించిన జర్నళ్ల 'కేర్' జాబితాను 2025లో నిలిపివేసింది. అయినా ఇంటర్వ్యూ బోర్డులో మొదటి ప్రశ్న మాత్రం ఇప్పటికీ "ఎన్ని పబ్లికేషన్లు?" అనే.

అపోహ: ఆరు వందల మందిని సర్వే చేస్తే ఫలితాన్ని నమ్మవచ్చు.

వాస్తవం: ఆ ఆరు వందల మంది ఎక్కడి నుంచి వచ్చారన్నది ముందు తేలాలి. ఒక బడి పిల్లలు ఒకే వంటగదిలో వండిన మధ్యాహ్న భోజనం తింటారు, ఒకే కుళాయి నీళ్లు తాగుతారు, ఐరన్ మాత్రలను శ్రద్ధగా పంచే, లేదా బీరువాలోనే ఉంచేసే ఒకే ఉపాధ్యాయుడి చేతి కింద ఉంటారు. అందుచేత వాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు. నలభయ్యో విద్యార్థి కొత్తగా చెప్పేది మొదటి విద్యార్థి చెప్పినంత ఉండదు. ఈ పోలికను కొలిచే గుణకం 0.05 మాత్రమే అనుకుందాం. 15 బడుల నుంచి నలభై మంది చొప్పున తీసుకుంటే, నలభైలో ఒకటి తగ్గించి, 0.05తో గుణించి, ఒకటి కలపగా 2.95 వస్తుంది. 600ను దానితో భాగిస్తే చేతిలో నిజంగా ఉన్నది సుమారు 203 మందితో సమానమైన సమాచారం. అదే 600 మందిని 60 బడుల నుంచి పది మంది చొప్పున తీసుకుంటే, ఆ లెక్క సుమారు 414కు చేరుతుంది. తిరుగుడు ఖర్చు పెరుగుతుందన్నది నిజమే, కానీ థీసిస్‌లో ఈ లెక్క కనబడకపోతే, మొదటి పేజీలోని పెద్ద అంకెను చూసి ముచ్చటపడడానికి కారణం లేదు.

దీనికి తోడు, బడిలో చేసిన సర్వే బడికి వచ్చేవాళ్ల గురించి మాత్రమే చెబుతుంది. నగరి మరమగ్గాల దగ్గర పనికి కుదిరిన కుర్రవాడు, టమాటా కోతల రోజుల్లో మానేసి మళ్లీ రాని బాలిక, పదో తరగతి కాగానే పెళ్లైన అమ్మాయి ఆ లెక్కలోకి రారు, అవసరం ఎక్కువగా ఉన్నది చాలాసార్లు వాళ్లకే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లైంది. ఇలాంటి రాష్ట్రంలో తొమ్మిదో తరగతి గదిలో కూర్చుని రాసుకున్న దానికి "కౌమార బాలికల స్థితిగతులు" అని పేరు పెట్టడం సబబు కాదు.

అపోహ: పరికరం చూపించిన అంకె అబద్ధం చెప్పదు.

వాస్తవం: హిమోగ్లోబిన్ పరీక్షను దగ్గర నుంచి చూస్తే ఈ నమ్మకం సడలుతుంది. వేలికి సూది గుచ్చాక వచ్చే మొదటి చుక్కలను తుడిచివేసి, ఆ తరువాతి చుక్కను తీసుకోవాలి. రక్తం రావడం లేదని వేలిని గట్టిగా పిండితే కణజాల ద్రవం కలిసి అంకె తగ్గే అవకాశం ఉంది. క్యూవెట్‌లో (రక్తం నింపే చిన్న పాత్రలో) గాలి బుడగ చిక్కినా, స్పిరిట్ తడి ఆరకముందే గుచ్చినా కొలత తప్పుతుంది. వరండాలో వంద మంది బారులు తీరి నిలబడి ఉండగా, మధ్యాహ్నం బెల్లులోపు ముగించాలన్న తొందరలో ఇవన్నీ జరుగుతాయి. గర్భిణి కాని బాలికకు, పన్నెండేళ్లు దాటాక, డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనతగా లెక్కిస్తారు, 11.8కి, 12.1కి మధ్య తేడాను వేలు పిండిన తీరే నిర్ణయించగలిగినప్పుడు, శాతాలను దశాంశాలతో సహా రాయడం వృథా. ఐదో విడత సర్వేలో దేశవ్యాప్తంగా 15-19 ఏళ్ల బాలికల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది వేలి రక్తంతోనే. ఆ తరువాత ఈ పరీక్షను ఆ సర్వే నుంచి తప్పించి, సిర నుంచి తీసిన రక్తంతో వేరే సర్వేలో చేయాలని నిర్ణయించడానికి ఈ చర్చే కారణం. దీని అర్థం రక్తహీనత లేదని కాదు. ఎంత ఉందన్నది కొలిచే పద్ధతి మీద ఆధారపడి ఉందని.

ప్రశ్నావళి కూడా ఒక పరికరమే. హాస్టల్ వార్డెన్ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే, "ఇక్కడ భోజనం ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్నకు జవాబు ముందే తెలిసిపోతుంది. "వారం వారం ఐరన్ మాత్ర వేసుకుంటున్నావా?" అని అడిగితే దాదాపు అందరూ అవుననే అంటారు. అందుకే నేను చూసే థీసిస్‌లలో ఆ జవాబు పక్కన బడి స్టాక్ రిజిస్టర్ లెక్కను కూడా రాయమని అడుగుతాను. వచ్చిన నీలి రంగు మాత్రల్లో మిగిలినవి తీసివేసి పిల్లల సంఖ్యతో భాగిస్తే, చాలాసార్లు పిల్లల మాటకు, బీరువా మాటకు పొంతన కుదరదు.

అపోహ: అవగాహన సదస్సు తరువాత మార్కులు పెరిగాయి కాబట్టి కార్యక్రమం ఫలించింది.

వాస్తవం: ఉదయం పాఠం చెప్పి సాయంత్రం అదే ప్రశ్నపత్రం ఇస్తే మార్కులు పెరగకపోతేనే ఆశ్చర్యపడాలి. తెలుసుకోవడం వేరు, అలవాటు మారడం వేరు. మరో చిక్కు ఇంతకంటే లోతైనది. హిమోగ్లోబిన్ పది కంటే తక్కువ వచ్చిన పిల్లలనే ఎంచుకుని, మూడు నెలల తరువాత మళ్లీ కొలిస్తే, ఏ మాత్రా ఇవ్వకపోయినా సగటు కొంత పెరుగుతుంది, ఎందుకంటే మొదటిసారి కొలతలోని పొరపాటు వల్ల అడుగుకు జారినవారు కూడా ఆ ఎంపికలో ఉంటారు, రెండోసారి వాళ్లు తమ అసలు స్థాయికి వస్తారు. పోల్చడానికి మరో వర్గం లేకుండా ఈ పెరుగుదలను కార్యక్రమం ఖాతాలో వేయడం కుదరదు.

అపోహ: ఫలితం వ్యతిరేకంగా వస్తే ప్రచురించడానికి ఏమీ లేనట్లే.

వాస్తవం: ఇది మన ప్రాంతంలో పుట్టకూడని అపోహ. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం (క్షయ ఆస్పత్రి) ఆధారంగా, 1950 నుంచి ఫ్రిమోట్-మోలర్ అనే వైద్యుడి బృందం చుట్టుపక్కల గ్రామీణ జనాభాలో క్షయ మీద అధ్యయనం చేసింది. బీసీజీ టీకాను కూడా అక్కడ పరీక్షించింది. తరువాత 1968లో చెంగల్పట్టులో లక్షల మందితో మొదలైన బీసీజీ ట్రయల్ తొలి నివేదిక 1979లో వెలువడినప్పుడు, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయ నుంచి ఆ టీకా రక్షణ ఇవ్వలేదని తేలింది. ఆ నివేదికను దాచి ఉంటే ప్రపంచమంతా తప్పుడు ధీమాతో ఉండేది. పసిపిల్లలకు వచ్చే తీవ్రమైన క్షయ నుంచి కాపాడుతుంది కాబట్టి టీకా కొనసాగింది, దాని నుంచి ఏమి ఆశించాలన్నది మాత్రం మారింది.

అపోహ: హెడ్మాస్టర్ ఒప్పుకుంటే సమ్మతి దొరికినట్లే.

వాస్తవం: ప్రధానోపాధ్యాయుడి అనుమతి బడి గేటు వరకే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల సమ్మతి, దానితోపాటు 12 ఏళ్లు దాటిన పిల్లల లిఖితపూర్వక అంగీకారం, ఏడు నుంచి పన్నెండేళ్ల వారి మౌఖిక అంగీకారం ఉండాలి. "నువ్వు చెప్పేది ఎవరికీ చెప్పం" అని పిల్లలకు మాట ఇవ్వడం కూడా సరికాదు. లైంగిక వేధింపు గురించి తెలిసిన వ్యక్తి పోలీసులకు సమాచారం ఇవ్వాల్సిందేనని 2012 పోక్సో చట్టం చెబుతున్నందున, ఆ పరిమితిని సమ్మతి పత్రంలోనే రాయాలి. మానసిక ఆరోగ్యం మీద ప్రశ్నావళి ఇచ్చేవారికి ఇంకో బాధ్యత ఉంది. మానసిక కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్న తనను తాను గాయపరచుకునే ఆలోచనల గురించి. దానికి అవునని టిక్ పెట్టిన కాగితం డేటా ఎంట్రీ అయ్యేదాకా సంచిలో ఉండకూడదు. ఆ రోజే చూసే వ్యక్తి, పంపించే ఆస్పత్రి, టెలీ మానస్ (మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ) 14416 నంబరు ముందే సిద్ధం చేసుకోని అధ్యయనానికి అనుమతి ఇవ్వకూడదని నా అభిప్రాయం.

అపోహ: పేపరు అచ్చయితే పని పూర్తయినట్లే.

వాస్తవం: జర్నల్‌లో వచ్చిన ఇంగ్లీషు పేపరును పాకాల ఏఎన్‌ఎం గానీ, హాస్టల్ కమిటీలో ఉన్న తల్లి గానీ చదవరు. రక్తం ఇచ్చిన పిల్లలకు వాళ్ల అంకె వారం లోపల చేరాలి, మరీ తక్కువగా ఉన్నవారు పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ దగ్గరికి చేరాలి. బడికి ఇచ్చే నివేదిక తెలుగులో, ఒక పేజీకి మించకుండా, ఇతర బడుల పేర్లు లేకుండా ఉంటే చాలు. పేర్లు పెట్టి ర్యాంకులు కడితే మరుసటి ఏడాది ఏ హెడ్మాస్టరూ గేటు తీయరు. ఇచ్చే సమయం కూడా ముఖ్యమే. మార్చిలో ఇస్తే పదో తరగతి పరీక్షల హడావుడిలో బీరువా చేరుతుంది. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారాల్లో, మాత్రల ఇండెంట్ (ఎన్ని కావాలో అడిగే పత్రం) రాయకముందు, ఆగస్టు నులిపురుగుల మందు పంపిణీకి ముందే ఇస్తే దాన్ని చదివి వాడుకునే అవకాశం ఉంది.