శివారు దాకా చల్లదనం

ధవళేశ్వరంలో బ్యారేజీ నిండుకుండలా ఉన్నా శివారు చేను ఎండిపోవచ్చు. ఈ సంగతి డెల్టా రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాలువలో పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగెయ్యాలి, కాలువ చూసుకునే లస్కరు వేళకు వచ్చి షట్టరు ఎత్తాలి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో బ్యారేజీ కూడా వచ్చింది. పూడికతీత మాత్రం ఏటా ఉండాల్సిందే.

ప్రభుత్వ వైద్యం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ శివారు చేలే గుర్తొస్తాయి. కొత్త ఆసుపత్రికి రిబ్బన్ కత్తిరించిన ఫొటో పేపర్లో పడుతుంది. పీహెచ్‌సీలో ఓ మూలనున్న టీకాల ఫ్రిజ్ ఫొటో ఎప్పుడైనా పడిందా?

సిబ్బంది దాన్ని ఐఎల్ఆర్ అంటారు, అంటే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్. దాని మూత పైకి తెరుచుకుంటుంది. ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే పాదాల మీద చల్లగాలి పడుతుంది కదా. చల్లగాలి బరువు, కిందికి జారిపోతుంది. పైమూత పెట్టెలో అలా జారడానికి దారి లేదు, బావిలో నీళ్లలా అడుగునే ఉండిపోతుంది. పైగా లోపలి గోడల వెంట మంచు ఉంటుంది. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక్క కేలరీ చాలు, గ్రాము మంచు కరగాలంటే 80 కేలరీలు కావాలి. బయటి నుంచి వచ్చే వేడినంతా ముందు ఆ మంచే మింగేస్తుంది. అందుకే రోజులో ఏకధాటిగా 8 గంటలు కరెంటున్నా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య భద్రంగా ఉంటాయి.

ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని మనం అనుకుంటాం. పోలియో చుక్కలు గడ్డకట్టినా ఫర్వాలేదు. ఐదు జబ్బులకు ఒకే సూదిగా వేసే పెంటావాలెంట్, హెపటైటిస్ బి టీకాలు గడ్డకడితే ఇక పనికిరావు. వాటిలో టీకా మందు అల్యూమినియం లవణపు రేణువులను అంటుకొని ఉంటుంది. గడ్డకట్టినప్పుడు ఆ రేణువులు ముద్దలైపోతాయి, కరిగాక మళ్లీ విడిపోవు. అందుకే వాటిని ఐఎల్ఆర్‌లో అడుగున పెట్టరు, పై బుట్టల్లో ఉంచుతారు. సీసా మీద గుండ్రటి గుర్తు మధ్య చిన్న చతురస్రం ఉంటుంది. వేడి తగిలేకొద్దీ అది ముదురుతుంది, చుట్టూ ఉన్న రంగుతో కలిసిపోతే ఆ సీసా పారెయ్యాలి. చలి దెబ్బ తగిలితే మాత్రం ఆ గుర్తు ఏమీ చెప్పదు! సూది వేస్తారు, బిడ్డ ఏడుస్తుంది, కార్డులో టిక్కు పడుతుంది. రక్షణ మాత్రం ఉండదు.

ఇది తప్పాలంటే రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత చూసి రాయాలి. ఆదివారమైనా, పండగైనా సరే. ఫ్రిజ్ పాడైతే వెంటనే వచ్చే మెకానిక్ కావాలి. జనరేటర్ ఉంటే చాలదు, డీజిల్‌కు డబ్బులుండాలి. ఏఎన్ఎం పోస్టు ఖాళీగా ఉండకూడదు. వీటిలో ఒక్కటీ శిలాఫలకానికెక్కే పని కాదు. బడ్జెట్ కోత పడితే మొదట తెగేవి ఇవేనని నా అనుమానం.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కోనసీమ లంకలు నీళ్ల మధ్య చిక్కుకుపోయాయి. అలాంటి ఊళ్లకు టీకా చివరి మజిలీ నాలుగు ఐస్ ప్యాకులు పట్టే చిన్న పెట్టెలోనే. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకు సున్నాకు 15 డిగ్రీలు కిందో, ఇంకా కిందో ఉంటుంది. తీసిన వెంటనే పెట్టెలో పెడితే టీకా గడ్డకడుతుంది. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపి చూడాలి. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తే ప్యాకు సున్నా డిగ్రీలకు చేరినట్టే.

బుధవారం పొద్దున్నే రేవు అవతలి నుంచి ఆశా కార్యకర్త ఫోను. "మేడం, తల్లులు పిల్లల్నెత్తుకుని వచ్చేశారండి." ఏఎన్ఎం ప్యాకు చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. "ఇంకో పావుగంట ఆగమ్మా, ఐసు ఇంకా రాయిలాగే ఉంది."