కింద పడకపోయినా స్క్రీన్ ఎందుకు పోతుంది? ఈ-రీడర్ కవర్లపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరు ఎస్పీ రోడ్డు సందుల్లో ట్యాబ్‌లు, ఈ-రీడర్లు (పుస్తకాలు చదవడానికే వాడే పరికరాలు) రిపేరు చేయడం, వాటికి కవర్లు అమ్మడం నా పని. అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేసుకునేవాళ్లు చాలామంది నా దగ్గరికి వస్తారు. చదివే అలవాటున్న మనిషి చేతిలో రీడర్ పాడైపోతే నాకూ బాధగానే ఉంటుంది. అందులో సగం బాధ సరైన కవర్ ఉంటే తప్పేదే.

అపోహ: కింద పడితేనే స్క్రీన్ పగులుతుంది.

మొన్న ఒకబ్బాయి అమెజాన్ వాళ్ల రీడర్, కిండిల్ పేపర్‌వైట్ తెచ్చాడు. పై సగంలో అక్షరాలు మామూలుగానే ఉన్నాయి. కింది సగంలో రీడర్ వాడనప్పుడు కనిపించే స్లీప్ బొమ్మ అలాగే అతుక్కుపోయింది, మధ్యలో సన్నటి అడ్డగీతలు. గోటితో రాసి చూశాను, పైన ఎక్కడా గరుకు తగల్లేదు.

"ఒక్కసారి కూడా కింద పడలేదన్నా" అన్నాడు.

"బ్యాగులో దీని పక్కన ఏం పెడతావు తమ్ముడూ?"

"లంచ్ బాక్సు, ల్యాప్‌టాప్ ఛార్జరు."

రోజూ పర్పుల్ లైన్ మెట్రో రద్దీలో బ్యాగు ముందుకు తగిలించుకుని నిలబడతాడట. జనం నెట్టినప్పుడల్లా ఛార్జరు మూల స్క్రీన్‌ను పొడుస్తూ వచ్చింది.

ఈ రీడర్లకు ఉండే ఈ-ఇంక్ తెరలో కంటికి ఆనని చిన్న గుళికలుంటాయి. వాటిలో ఒక రకం ఛార్జ్ ఉన్న తెల్ల రేణువులు, దానికి వ్యతిరేక ఛార్జ్ ఉన్న నల్ల రేణువులు. కరెంటు తగలగానే కొన్ని పైకి, కొన్ని కిందికి కదిలి అక్షరాలవుతాయి. పేజీ మారేటప్పుడే కరెంటు కావాలి, ఆ తర్వాత బొమ్మ దానంతటదే నిలిచి ఉంటుంది. ఆ కరెంటు అందించే సర్క్యూటు చాలా మోడళ్లలో పల్చటి గాజు మీద ఉంటుంది. రీడర్ వంగినా, ఒకేచోట ఒత్తిడి పడినా ఆ గాజు లోపలే చిట్లుతుంది. చిట్లిన చోటికి కరెంటు అందదు కాబట్టి పాత బొమ్మ అక్కడే ఉండిపోతుంది. తెర మార్చవచ్చు గానీ, ఆ ఖర్చు చూస్తే కొత్తది కొనుక్కోవడమే మేలనిపిస్తుంది.

అందుకే వెనక మాత్రమే ఉండే సిలికాన్ కవర్‌ను బ్యాగులో పెట్టుకు తిరిగేవాళ్లకు నేను అమ్మను. ముందు మూత ఉండాలి, ఆ మూతలో గట్టి అట్ట ఉండాలి. కొనేముందు రీడర్ పెట్టకుండా మూత మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. పెళ్లిపత్రికలా వంగిపోతే పక్కన పెట్టేయండి. లోపలి వైపు మెత్తటి గుడ్డ ఉంటే ఇంకా మంచిది.

అపోహ: పేపర్‌వైట్ కవర్ ఏ పేపర్‌వైట్‌కైనా సరిపోతుంది.

2018 మోడల్ తెర 6 అంగుళాలు, 2021ది 6.8, 2024ది 7. పేరు ఒకటే, కొలతలు వేరు. బిగుతుగా ఉన్న కవర్‌లోకి బలవంతంగా తోస్తే వంగేది రీడరే. ఏ సంవత్సరం మోడలో తెలుసుకుని కొనండి, వీలైతే రీడర్ చేత్తో పట్టుకునే షాపుకు రండి.

అపోహ: కవర్‌లో అయస్కాంతం ఉంటే పుస్తకాలు చెరిగిపోతాయి.

కొడుకు రీడర్ పట్టుకొచ్చిన ఒక అమ్మ ఇదే అడిగారు. పాటల క్యాసెట్లు, ఫ్లాపీల కాలం నుంచి వచ్చిన భయం అది. రీడర్‌లో ఉండేది ఫ్లాష్ మెమరీ, ఈ చిన్న అయస్కాంతం దాన్నేమీ చేయదు. మూత మూసినట్టు రీడర్‌లోని సెన్సర్‌కు తెలియడానికే అది ఉంది. అసలు టెన్షన్ పడాల్సింది అయస్కాంతం తప్పుచోట ఉన్న చౌక కవర్ల గురించి. మూత కాస్త జరిగితే చాలు, బ్యాగులోనే రీడర్ మేలుకుంటుంది, ఊరికే బ్యాటరీ తినేస్తుంది. షాపులోనే నాలుగైదుసార్లు తెరిచి మూసి, మూసిన మూతను కొంచెం పక్కకు జరిపి కూడా చూడండి.

టెంపర్డ్ గ్లాస్ వేయమని అడుగుతారు, నేను వద్దంటాను. కాగితంలా మెరవకుండా ఉండటమే ఈ తెర గొప్పతనం. మెరిసే గాజు అంటిస్తే కబ్బన్ పార్కు ఎండలో పుస్తకానికి బదులు మన ముఖమే కనిపిస్తుంది.

వాటర్‌ప్రూఫ్ సంగతి కూడా చెప్పాలి. పేపర్‌వైట్ మీద ఐపీఎక్స్8 అనే రేటింగ్ అంటే 2 మీటర్ల లోతు మంచినీళ్లలో 60 నిమిషాలు అని కంపెనీ చెప్పే మాట రీడర్‌కే, కవర్‌కు కాదు. వానలో తడిస్తే కవర్ విప్పి రెండూ విడివిడిగా ఆరబెట్టండి, ఛార్జింగ్ రంధ్రం పూర్తిగా ఆరేదాకా కేబుల్ పెట్టకండి.

అపోహ: తెలుగు పుస్తకాలు ఇందులో చదవలేం.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను 6 అంగుళాల తెరపై చూసి విసిగిపోయినవాళ్లు అనే మాట ఇది. ఆ పేజీ ఒక ఫొటో, అందులో అక్షరం సైజు మారదు. రీడర్‌ను అడ్డంగా తిప్పి సగం పేజీ చొప్పున చదివితే కొంత నయం. పాత అను ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లను మార్చబోతే అక్షరాలు గజిబిజి అవుతాయి. యూనికోడ్‌లో (ఏ పరికరంలోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) ఉన్న ఈపబ్, అంటే అక్షరం సైజు మార్చుకోగల ఈ-పుస్తకం ఫైలు వెతకండి. తెలుగు వికీసోర్స్ వెబ్‌సైటులో కాపీరైటు తీరిన పుస్తకాలను ఈపబ్‌గా ఉచితంగా దించుకోవచ్చు.

మల్లేశ్వరం నుంచి ఒక పెద్దాయన వచ్చారు, కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టుకున్నా అచ్చు పుస్తకం ఆనడం లేదన్నారు. ఆయన రీడర్‌లో అలాంటి ఈపబ్ ఒకటి వేసి, అక్షరాలు బాగా పెద్దవి చేసి ఇచ్చాను. కౌంటరు దగ్గర నిలబడే నాలుగు పేజీలు చదివేశారు. నేను గట్టి అట్ట కవర్ తీశాను. ఆయన చేత్తో తూచి చూసి వెనక్కి ఇచ్చేశారు.

"ఇది ఇల్లు దాటదు నాయనా, పడుకుని చదువుకుంటాను. బరువు లేనిది చూపించు."

ఆయనకు మాత్రం పల్చటి సిలికాన్ కవరే ఇచ్చాను.