వల కన్ను

చిన్నీ, బుజ్జీ,

మొన్న బస్సులో విశాలాక్షినగర్ దాటుతుంటే పిల్లల హోమ్ గురించి అడిగారు. తప్పు చేశారని పట్టుకున్న పిల్లల్ని ఉంచే చోటని చెప్పాను. "అలాంటి పిల్లలు ఇప్పుడు ఎక్కువయ్యారా తాతయ్యా, తక్కువయ్యారా?" అంది చిన్ని. దిగే తొందరలో జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

నిన్న ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, మరబోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. చేపలు గుడ్లు పెట్టి, పిల్లలు ఎదగాలని మరబోట్లవాళ్లు ఈ 61 రోజులు వేటకి వెళ్లరు. జెట్టీ మీద ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. వలలో ఒక్కో గడిని కన్ను అంటారు. కన్ను చిన్నదైతే వేలెడంత చేపపిల్ల కూడా పడుతుంది. పెద్దదైతే పిల్లలు జారిపోతాయి. వలలో పడ్డవి లెక్కపెట్టి సముద్రంలో చేపలు ఎక్కువా తక్కువా అని చెప్పేస్తే ఆ పెద్దాయన ఒప్పుకోడు. కన్ను ఎంతో ముందు చెప్పమంటాడు.

చిన్నీ, నీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2008 ప్రాంతంలో 18 ఏళ్ల లోపు పిల్లలు ఏ రోజు చూసినా మూడు వేల దాకా నిర్బంధంలో ఉండేవారు. ఇప్పుడు ఐదు వందల లోపే. పిల్లలంతా ఒక్కసారిగా బుద్ధిమంతులైపోయారా? తప్పులు కొంత తగ్గిన మాట నిజమే. కానీ అంతకుముందు అక్కడి పోలీసులకి ఇన్ని కేసులు తేల్చి చూపాలని ముందే ఒక లక్ష్యం పెట్టేవారు. ఆ లక్ష్యం పూర్తి కావాలంటే బడిలో కొట్టుకున్న పిల్లలు సులువుగా దొరుకుతారు. ఆ పద్ధతి మానేసి, చిన్న తప్పులకి మందలించి ఇంటికి పంపడం మొదలుపెట్టాక సంఖ్య పడిపోయింది. అమెరికాలో అలా నిర్బంధంలో ఉన్న పిల్లలు 2000లో లక్ష మందికి పైగా ఉంటే, 2022 నాటికి ముప్పై వేల లోపుకి దిగింది.

మన దేశంలో పిల్లల మీద పెట్టిన కేసులు 2016లో 35 వేల పైచిలుకు, 2022లో 30 వేల పైచిలుకు. ఇవి కేసులే, లోపల ఉన్న పిల్లల లెక్క కాదు. మన వల కన్ను కూడా మారుతూ వచ్చింది. ఒకప్పుడు మగపిల్లాడికి పదహారు నిండితే పెద్దవాడే. 2000 నాటి చట్టం దాన్ని పద్దెనిమిది చేసింది. 2015 చట్టం ఘోరమైన నేరాల్లో పదహారు దాటినవాళ్లని పెద్దవాళ్లలాగా విచారించవచ్చంది. ఆ మార్పు నాకు మనసుకి పట్టలేదు. పద్దెనిమిది నిండాక తప్పు చేస్తే ఇక పెద్దవాళ్లుండే అడవివరం జైలే. దేశంలోని జైళ్లలో నూటికి నలభై మందికి పైగా పద్దెనిమిది, ముప్పై ఏళ్ల మధ్యవాళ్లే. మొత్తం ఖైదీల్లో దాదాపు నలుగురిలో ముగ్గురు విచారణ పూర్తి కాకుండానే లోపల ఉన్నారు.

ఇక్కడ మాత్రం వల పోలిక సరిపోదు. చేప ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. మనిషి చేసిన తప్పు వెనక దెబ్బ తిన్నవాడు ఒకడుంటాడు. వాడి బాధ చిన్నది కాదు.

నాకు పన్నెండేళ్లప్పుడు వన్‌టౌన్‌లో మా వీధి కుర్రాడు, నేను కలిసి ఒక సైకిల్ డైనమో ఊడదీశాం. పది నిమిషాల్లో దొరికిపోయాం. ఎవరో చెబితే మా నాన్న పరుగున వచ్చి, డబ్బులు కట్టి, చేతులు జోడించి నన్ను ఇంటికి తెచ్చుకున్నారు. ఆ రాత్రి నా వీపు వాచింది. వాడికి నాన్న లేడు. అమ్మ ఎండు చేపలు అమ్ముకునేది. గంప ఖాళీ అయి ఆమె వచ్చేసరికి చీకటి పడింది. అప్పటికే వాణ్ణి పోలీసులకి అప్పగించేశారు. మళ్లీ ఏడాదికి వచ్చాడు. బడిలో చేర్చుకోలేదు. గోళీలాటకి పిలిస్తే రాలేదు. చేసింది ఇద్దరం. డైనమో పట్టుకున్న చెయ్యి నాది.

ఇప్పుడు అలాంటి పిల్లవాణ్ణి మామూలు కోర్టుకి తీసుకెళ్లరు. జువైనల్ జస్టిస్ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సంఘసేవకులు కూర్చుంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా ఆడమనిషి ఉండాలి. పిల్లవాడి ఇల్లెలా ఉంది, చదువు ఎక్కడ ఆగింది అని విచారిస్తారు. ఆ రోజు గంప దించి వచ్చిన ఆ తల్లిని అలా ఒక్కరైనా అడిగుంటే ఎంత బాగుండేదో!

పద్నాలుగో తేదీ సాయంత్రం ఇద్దరూ రండి, హార్బర్‌కి వెళదాం. ఆ రాత్రికే బోట్లు బయల్దేరతాయి. అంతకుముందు వల దగ్గర కూర్చుని కన్నులో వేలు పెట్టి చూడండి. కన్ను ఎంతుండాలో ఎవరు చెబుతారని ఆ పెద్దాయన్నే అడగండి. చెప్పులు వేసుకు రండి, జెట్టీ మీద జారుతుంది.

ఇట్లు
మీ తాతయ్య