వలస ఇంటి పిల్లలు, కదలని బడి: పాలమూరు, నల్లగొండల నేపథ్యం

2011 జనాభా లెక్కల ప్రకారం, పాలమూరు అని పిలిచే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. స్త్రీలలో అది 45 శాతం కూడా లేదు. ఈ వెనుకబాటుకు కారణమేమిటని అడిగితే, తల్లిదండ్రులకు చదువు మీద శ్రద్ధ లేదన్న జవాబు అధికారుల నోట తరచుగా వినబడుతుంది. జిల్లా చరిత్రను కొంచెం వెనక్కి వెళ్లి చూస్తే ఆ జవాబు నిలవదు. దళిత, లంబాడా, చెంచు కుటుంబాల్లోనూ, భూమి లేని ఇతర కులాల్లోనూ పిల్లల పని చాలాకాలం పాటు ఇంటి అప్పుతో ముడిపడి ఉంది. బడి మాత్రం స్థిరంగా ఒకేచోట కాపురముండే కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని నడిచింది.

నిజాం పాలనలో పై తరగతుల చదువు ఉర్దూలో సాగేది. ఇంట్లో తెలుగు మాట్లాడే పేద పిల్లలకు అది మొదటి అడ్డంకి. దళిత ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఆది హిందూ పాఠశాలలు తెరిచినా, వాటి ప్రభావం ప్రధానంగా హైదరాబాదు నగరానికే పరిమితమైంది. నల్లగొండ పల్లెల్లో వెట్టి (కూలి లేని బలవంతపు చాకిరీ), భగేలా (అప్పు కింద కట్టుబడి చేసే పని) పద్ధతులు బలంగా ఉండేవి. తండ్రి చేసిన అప్పు తీరకపోతే కొడుకు దొర గడీలో గానీ ఆసామి కొట్టంలో గానీ జీతగాడిగా చేరవలసిందే. అలాంటి పిల్లవాడికి పశువులు కాయడమే బాల్యం. భగేలా ఒప్పందాలను అదుపు చేస్తూ నిజాం ప్రభుత్వం 1936లో నిబంధన తెచ్చినా, ఆ పద్ధతి తెలంగాణ సాయుధ పోరాటం దాకా కొనసాగింది. దేశవ్యాప్తంగా వెట్టిచాకిరీని రద్దు చేసిన చట్టం 1976లో గానీ రాలేదు.

పిల్లవాడికి పలక ఇచ్చినంత మాత్రాన సరిపోదు, తిండీ పడకా కూడా చూడాలన్న ఆలోచన ఈ నేల మీదే గట్టిగా రూపు దిద్దుకుంది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. అది పల్లెల్లోని ప్రతిభ గల విద్యార్థుల కోసం పెట్టిన బడి. 1980లలో దళిత విద్యార్థుల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. పల్లె పేదల పిల్లలను కళాశాలల దాకా నడిపించిన ఘనత వీటిదేనని చెప్పడానికి నేను సంకోచించను. అయితే ప్రవేశపరీక్ష అన్న గడప మొదటి నుంచీ ఉంది. నాలుగో తరగతి దాకా బడిలో నిలిచిన పిల్లలకే ఆ గడప దాటే అవకాశం.

పాలమూరు కుటుంబాలకు ఆ నాలుగేళ్లే గండం. వానాకాలం పంట చేతికొచ్చాక కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. కుటుంబం ముంబైకో పుణెకో ఆనకట్టల పనులకో బయలుదేరుతుంది. చిన్న పిల్లలను వదిలేందుకు ఇంట్లో ముసలివాళ్లుంటే సరే, లేకపోతే వాళ్లూ వెంట వెళ్తారు. జూన్‌లో పేరు రాసుకున్న పంతులు సంక్రాంతి నాటికి హాజరుపట్టీలో వరుసగా సున్నాలు చుడతాడు. వలస పిల్లల కోసం ఊళ్లోనే సీజనల్ హాస్టళ్లు పెట్టాలన్న ఏర్పాటు తర్వాతి కాలంలో వచ్చిందే.

గద్వాల వైపు, ముఖ్యంగా గట్టు, మల్దకల్ మండలాల్లో, సీడ్ పత్తి మరో చిక్కు తెచ్చింది. సంకర విత్తనం కోసం సాయంత్రం పూట మొగ్గను విప్పి కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. ‘క్రాసింగ్’ అని పిలిచే ఈ పని ఒక్కో చేనులో నెలల తరబడి రోజూ ఉంటుంది, అదీ బడి నడిచే కాలంలోనే. ఆడపిల్లల వేళ్లు సన్నగా ఉంటాయన్నది రైతులు చెప్పే కారణం. పెద్దల కన్నా తక్కువ కూలి, ముందుగా ఇచ్చిన అడ్వాన్సు అసలు కారణాలని నా అభిప్రాయం. పనిలో ఉన్న పిల్లలను మొదట శిబిరాల్లో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించే బ్రిడ్జి కోర్సు పద్ధతిని పక్కనున్న రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1990లలో నిలబెట్టింది. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసె పురస్కారం దక్కింది.

దేవత పేరిట అంకితం చేసి, పెళ్లికి దూరం చేసిన స్త్రీలు జోగినులు. వాళ్ల పిల్లల సమస్య మరో రకం. 1988 చట్టం జోగినిగా అంకితం చేయడాన్ని నిషేధించింది గానీ, బడి దరఖాస్తులో తండ్రి పేరు రాయవలసిన గడి ఆ పిల్లలను నలుగురిలో నిలదీస్తూనే వచ్చింది.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదని చెప్పింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక గురుకులాల సంఖ్య బాగా పెరిగింది. ఐదో తరగతి ప్రవేశానికి మాత్రం కుల, ఆదాయ ధ్రువపత్రాలు కావాలి, పరీక్షా రాయాలి. ఇటీవలి ఏళ్లలో ఆ దరఖాస్తుల గడువు డిసెంబరు, మార్చి మధ్యనే పడుతోంది. వలస కుటుంబాలు ఊళ్లో ఉండని నెలలు సరిగ్గా అవే.